గోరింకకు మాట నేర్పినవాడు

మున్వర్‌కు ఈ లోకంలో ఒక్కడి మీదే కోపం, జమ్మలమడుగు వేదవ్యాస మీద. తొండూరు వలి బాషా పట్టుకుపోయింది చేనొక్కటే. వేదవ్యాస అంతకుముందే నోరు పట్టుకుపోయాడు.

ఆంధ్ర రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన రెండో ఏడు, ప్రొద్దుటూరులో సంత రోజు పొద్దున మున్వర్ ఇంటి ముందర తన ఎద్దుల కొమ్ములకు నూనె రాస్తున్నాడు. ఎద్దుల దళారిగా ఊళ్లోవాళ్ల జతలు ఎన్నో అమ్మిపెట్టాడు గానీ, సొంత జత అమ్మబోవడం అదే మొదలు. అంతలో వేదవ్యాస గుడ్డ కప్పిన పంజరంతో బస్సు దిగి వచ్చాడు. ఇద్దరూ అయిదో తరగతి దాకా ఒకే బడి. ఆ తర్వాత ఒకడు మద్రాసు కాలేజీలో పాఠాలు చెప్పేదాకా పోయాడు, ఇంకొకడు సంత దాకా పోయాడు.

"ఏంది సామీ, చిలక జోస్యం మొదలుపెట్టినావా?"

"గోరింక పిల్లప్పా. కండ్లు తెరవకముందే గూట్లోంచి తీసినా. చెవులు గూడా ఇంకా తెరుచుకోలేదు. తెరుచుకున్నాంక దీని చెవిన మనిషి మాట పడగూడదు, పిట్ట కూత పడగూడదు."

"పడితే ఏమైతాది?"

"మనుషులకు మాట యాడినించి వచ్చిందో చెప్పేదానికి, మొదట మాట్లాడినోళ్లు ఇప్పుడు లేరు గదా. పాడే పిట్టలు మన బిడ్డల మాదిరే పెద్దోళ్ల నోట విని నేర్చుకుంటాయంట. ఏమీ వినకుండా పెరిగింది ఏం కూస్తాదో చూస్తే, మాట పుట్టుకతో వస్తాదా, వింటే వస్తాదా తేలిపోతాది. నేను మద్రాసు పోయి శబ్దం పట్టే మిషన్ తెస్తా. దసరా దాకా నీ ఇంట్లో పెట్టుకో."

"మా ఇంట్లోనా? మా ఖాతూన్ నిద్రలో గూడా నన్ను తిడతాది సామీ!"

"నీ పేరు పుస్తకంలో అచ్చేయిస్తా."

మున్వర్ చేతిలో నూనె గుడ్డ ఆగింది. బడి మానినప్పటి నుంచీ అతని పేరు పలికినవాళ్లే గానీ రాసినవాళ్లు లేరు. పంజరం అందుకున్నాడు.

ఉన్నది ఒక్క గది, ముందు ఒక పంచ. మాట్లాడితే పిట్టకు వినబడని మూల లేదు. కోళ్లు అత్తగారింటికి పోయాయి. ఉప్పు లేదని ఖాతూన్‌బీ సైగ చేస్తే మున్వర్ బెల్లం తెచ్చాడు. ఆమె మొగుణ్ణి తిట్టడానికి రెండు చేతులూ చాలక కాలు కూడా వాడింది. ఆమె నోటికి కాపలాగా మున్వర్ సంతకు పోవడం మానేశాడు. ఎద్దులు పంచ ముందర కట్టేసే గాటిపాడు మీదే ఉండిపోయాయి.

ఒకరోజు పక్కింటి షాహీదాబీ జల్లెడ కోసం వచ్చింది. ఖాతూన్‌బీ పెదవుల మీద వేలు పెట్టి, నోరు మూసుకుని పడుకున్న మున్వర్‌ను చూపించింది.

"యా అల్లా! మీ ఆయనకు నాలిక పడిపోయిందా?"

నవ్వు ఆపుకోలేక ఖాతూన్‌బీ కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. షాహీదాబీకి ఆ నీళ్లు చాలు. సాయంత్రానికల్లా వీధి వీధంతా తాయెత్తులతో, కషాయాలతో పంచలో కూర్చుంది. ఆ కబురు బస్సెక్కి తొండూరు చేరేసరికి, "మున్వర్ వైద్యానికి చేను అమ్ముతాడంట" అయింది.

తొండూరులో మున్వర్ చేనికి ఆనుకుని వలి బాషా చేను. బావిలో ఇద్దరికీ చెరి సగం. వలి బాషా మూడో నాటికి దిగాడు. రోగి ముందు గట్టిగా మాట్లాడకూడదని అతనూ నోరు విప్పలేదు. గాటిపాడు వైపు, దాని వెనక తొండూరుకు పోయే పులివెందుల రోడ్డు వైపు, చెయ్యి చూపించి తల ఎగరేశాడు. ఎద్దుల బేరం ఇంటికే వచ్చిందని మున్వర్ సంబరంగా తల ఊపాడు.

సంతలో బేరమంటే గుడ్డ కిందే. ధర పక్కవాడికి తెలియకుండా తుండుగుడ్డ కప్పి, వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు. వేలికి వంద. వలి బాషా నాలుగు వేళ్లు పట్టాడు. మున్వర్‌కు ఒళ్లు మండి ఎనిమిది నొక్కాడు. నొక్కి నొక్కి, ఏడు దగ్గర చేతులు కలిశాయి. కషాయాలు తెచ్చినవాళ్లంతా సాక్షులు.

మరుసటి రోజు వలి బాషా డబ్బూ, దస్తావేజు రాసేవాణ్ణీ వెంటబెట్టుకుని వచ్చాడు. మున్వర్ ఎద్దుల పగ్గాలు చేతికిస్తే, తిరిగి అతని చేతిలోనే పెట్టాడు. మున్వర్ అతన్ని వీధి చివరికి ఈడ్చుకుపోయాడు.

"ఎద్దులు తోలుకుపోకుండా ఈ కాగితాలేందిరా?"

"నీకు నాలిక వచ్చిందా మామా! ఎద్దులేంది? నేనడిగింది చేను."

"చేను ఏడు నూర్లకా? మతి ఉండే మాట్లాడతాండావా?"

"నేను నాలుగే అడిగినా. ఏడని నొక్కినోడివి నువ్వే గదా."

"నువ్వు చూపించింది ఎద్దులను!"

"ఎద్దుల ఎనకాల రోడ్డును. కలిపిన చెయ్యి దళారే ఎనక్కు తీసుకుంటే, రేపు సంతలో నీ గుడ్డ కింద చెయ్యి పెట్టేదెవురు మామా?"

పెద్దమనుషుల్లో పెట్టి గొంతెత్తి వాదిద్దామంటే, వాళ్లు కూర్చునేది మున్వర్ పంచలో, పిట్ట పక్కనే. వలి బాషా మాత్రం రోజూ వచ్చి, అందరూ వినేటట్టు ఒకటే కేక: "చేను నాది మామా!" మున్వర్ పెదవుల మీద వేలు పెట్టుకునేవాడు. "ఊరకున్నాడంటే ఒప్పుకున్నట్టే" అన్నారు పెద్దమనుషులు. దసరాకు ముందే మున్వర్ పులివెందుల పోయి చేని కాగితాల మీద సంతకం పెట్టి వచ్చాడు.

దసరాకు వేదవ్యాస పెట్టెంత మిషన్ మోయించుకుని వచ్చాడు. చక్రాలు తిరిగాయి. గుడ్డ తీశాడు. గోరింక మెడ వంచి మున్వర్‌ను ఎగాదిగా చూసింది.

"చేను నాది మామా!"

గొంతు కూడా వలి బాషాదే.

"దీని నోట్లో మన్ను పడ!" అని ఖాతూన్‌బీ మొదలుపెట్టింది. అన్ని నెలల బాకీ. పొద్దు వాలినా ఆపలేదు.

వేదవ్యాస మాత్రం ఎగిరి గంతేశాడు. "శానా బాగుందప్పా! విన్నది ఒకే మాట, వచ్చింది ఒకే మాట! మాట వింటేనే వస్తాది! ఎవురు నేర్పినారు దీనికి?"

మున్వర్ చెప్పాడు. వేదవ్యాస రాసుకున్నాడు.

మరుసటేడు ఇంగ్లీషు పుస్తకం తపాలాలో వచ్చింది. మున్వర్ దాన్ని పోస్టాఫీసు గుమాస్తా చేత చదివించుకున్నాడు. చిట్టచివర, చీమ తలకాయంత అక్షరాల్లో, పిట్టకు తొలి మాట నేర్పిన తొండూరు వలి బాషా గారికి కృతజ్ఞతలు అని ఉంది.

"ఇంకేమైనా పేరుందా సామీ?"

గుమాస్తా వెనకా ముందూ తిప్పి చూసి, లేదన్నాడు.

మున్వర్‌కు పోయింది ఎకరా డెబ్బై సెంట్లు, సగం బావి.