పెద్దరాములు పైపులు, ముత్యమ్మ కైమ

మా పక్కింటి పెద్దరాములు గుమ్మడిదలలో ఓ మందుల ఫ్యాక్టరీలో పైపుల ఫిట్టరు. లోకంలో ఏది చూసినా ఆయనకు పైపే. అందుకే కొలెస్ట్రాల్ ఎక్కువైందని డాక్టర్ లక్ష్మీప్రసన్న మాత్ర రాసిస్తే, బెంగపడాల్సింది పోయి సంబరపడ్డాడు.

ఇంటికొచ్చేసరికి, సంగతి ముందే విన్న భార్య ముత్యమ్మ సొరకాయ కోస్తోంది.

"ఇదేందే?"

"నూనె లేని కూర. ఇగ మటన్ బంద్."

"ఎవలన్నరు? గోలీ నరాలను కడుగుతది. లోపల కొవ్వే లేకుంటే దేన్ని కడగాలె? ఖాళీ పైపుల కెమికల్ పోస్తే పైపే కరుగుతది! రోజూ మటన్ తినుమన్నది డాక్టరమ్మ."

ముత్యమ్మ మొగుడి ముఖంలోకి ఒక్క క్షణం చూసింది.

"అయ్యో, గట్లనా! ముందుగాల్నే చెప్పకపోతివి," అని సొరకాయ పక్కన పెట్టేసింది.

పెద్దరాములు తన తెలివికి తానే మురిసిపోయాడు.

మర్నాడు పళ్లెంలో ఘుమఘుమలాడుతూ కైమ.

"ముక్కలేవే?"

"ముక్కలు నరాల్ల ఇరుక్కుంటే? పైపులని నువ్వే అంటివి గద. సన్నగుంటే జారిపోతది."

సొంత శాస్త్రమే కాబట్టి ఒప్పుకుని ముద్ద కలిపాడు. రెండో ముద్దకే రుచికి కళ్లు మూతలు పడ్డాయి.

"యాడ తెచ్చినవే? లేత పొట్టేలు!"

అప్పటి నుంచి ఇంట్లో కైమ కూర, కైమ ఉండలు, కైమ దోసె. గోలీ వేసుకోనిదే ముత్యమ్మ పళ్లెం పెట్టేది కాదు. ఫ్యాక్టరీలో డబ్బా మూత తీస్తే బిహార్ వెల్డర్లు చుట్టూ మూగేవారు. "ఖావో భాయ్, డాక్టర్ కా ఆర్డర్!" అని పంచేవాడు.

కొన్ని నెలలకు మళ్లీ రక్తపరీక్ష. రిపోర్టు చూసి డాక్టరమ్మ ముఖం వికసించింది.

"చాలా తగ్గింది! ఈ మాత్ర కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది. రక్తనాళాల గోడల్లో పేరుకున్న కొవ్వు పగిలి గడ్డ కట్టే ప్రమాదమూ తగ్గుతుంది. అంతేగానీ పైపులు కడిగినట్టు కడగదు, తిండి కూడా తోడుండాలి. ఏం తింటున్నారు?"

పెద్దరాములు ఛాతీ విరిచాడు. "కైమ, మేడమ్! రోజూ!"

డాక్టరమ్మ చేతిలోంచి పెన్ను జారిపోయింది.

"పరేషాన్ గాకుండ్రి మేడమ్," అంది ముత్యమ్మ. "రోజూ మటన్ తినుమన్నది మీరేనని ఆనాడు చెప్పిండు. అబద్ధం ఆడితే ఈయన చెవులు ఎర్రగైతయి. ఆ కైమ మీల్‌మేకర్. నానబెట్టి, నీళ్లు పిండి, సన్నగ దంచి, జెర గరం మసాలా ఏస్త."

పెద్దరాములు నోరు తెరుచుకుంది. "మరి... ఆ లేత పొట్టేలు?"

"సోయా చేన్ల మేసింది."

డాక్టరమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, కుర్చీ ముత్యమ్మ వైపు జరుపుకుంది. "మా ఆయనకూ ఇదే జబ్బు, ఇదే తెలివి. మసాలా ఎంత వేయాలో చెప్పండి."

ఇద్దరూ ఆటోలో పోతిరెడ్డిపల్లిలోని మా వీధికి తిరిగొచ్చారు. మలుపులో కిరాణా కొట్టు కనబడగానే పెద్దరాములు మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"ఇంట్ల మీల్‌మేకర్ ఉన్నదా... ఓ ప్యాకెట్ తీసుకపోదమా?"