పెద్దాయన సంతకం

జూన్ మూడో తారీకు ఉదయం నలభై రెండేళ్ళ శేషగిరి ఇంటికి అరవై ఆరేళ్ళ శేషగిరి మకాం వచ్చాడు. చేతిలో ఒక సంచీ, సంచీలో రెండు లుంగీలు, మోకాళ్ళకు రాసుకునే నూనె. సంపూర్ణ కుటుంబ ఆర్థిక ప్రణాళిక తీసుకున్న ప్రతి ఇంటికీ, సంతకాలయిన నలభై అయిదు రోజుల్లోగా యజమాని విశ్రాంత రూపం, అంటే రిటైరయ్యాక ఉండబోయే అతనే, వచ్చి చేరాలని పన్నెండో నిబంధన. కాకినాడలో అప్పటికే నాలుగు వందల ఇళ్ళలో ఇలా చేరి ఉన్నారు కాబట్టి పక్కింటివాళ్ళు తలుపు తీసి చూడను కూడా లేదు.

ఈ ఏర్పాటుకు కారణం జనమే. రిటైరయ్యాక ఎలా బతుకుతారో లెక్కగట్టి చూపిస్తే అందరూ తలలూపుతారు, మర్నాడే వెళ్ళి కొత్త టీవీ కొంటారు. కాగితం మీద ముసలితనాన్ని చూసి ఎవరూ భయపడరు. అదే ముసలితనం హాల్లో సోఫా మీద కూర్చుని, "గదిలో ఎవరూ లేరుగా, ఆ ఫ్యానెందుకు తిరుగుతోంది?" అని అడిగితే ఎంతటివాడైనా దారికొస్తాడు. అయిదు వేలు దాటిన ప్రతి ఖర్చుకూ విశ్రాంత వ్యక్తి సంతకం కావాలి. దాచేది ఆయన కోసమే కదా మరి.

శేషగిరి ప్రైవేటు కాలేజీలో లెక్కల లెక్చరరు. ఏడో తరగతి చదివే ఒక్క కూతురు, హిమజ. భార్య సుభాషిణి మొదటి వారంలోనే విసిగిపోయింది. ఒక మొగుడితో వేగడానికే ఓపిక చాలని ఇంట్లో ఇప్పుడు ఇద్దరు, ఇద్దరిదీ ఒకే గొణుగుడు. "ఏమండీ" అంటే రెండు తలలు తిరిగేవి. చివరికి ముసలాయన్ని "పెద్దాయన గారూ" అనడం అలవాటు చేసుకుంది.

ఆమె విశ్రాంత రూపం మాత్రం రాలేదు. భార్యాభర్తల ప్రణాళికలో ఇద్దరూ కలిసే రావాలి. ఆఫీసుకు వెళ్ళి అడిగితే సలహాదారు ముకుందం కంప్యూటర్లో చూసి, "మేడం గారిది ప్రాసెస్‌లో ఉందండి," అన్నాడు. రెండోసారీ అదే మాట. మూడోసారి మాత్రం గొంతు తగ్గించి, "కొన్ని కేసుల్లో ఒక్కరే వస్తారండి," అని ఫైలు మూసేశాడు.

ఆగస్టులో సుభాషిణికి చంక కింద గడ్డ తగిలింది. డాక్టరమ్మ స్కానింగూ, ముక్క తీసి చేసే పరీక్షా రాసి, ఆలస్యం చేయొద్దంది. అన్నీ కలిపి ఇరవై రెండు వేలు. సుభాషిణి ఖర్చు దరఖాస్తును మూడు ప్రతుల్లో నింపి పెద్దాయన ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని అక్షరం వదలకుండా చదివి, కాగితాలు వెనక్కి జరిపాడు.

"ఇది ప్లానులో లేదు సుభా."

"గడ్డ కూడా ప్లానులో లేదండి. అయినా వచ్చింది. ఏం చెయ్యమంటారు?"

"ఇది పరీక్షతో ఆగదు. ఆపరేషనంటారు, మందులంటారు. నా మోకాళ్ళ కోసం దాచిందంతా దీన్లోకి పోద్ది."

సుభాషిణికి ఒళ్ళు మండిపోయింది. "నేనెవర్నండి మీకు?" అని అడిగేసింది. పెద్దాయన గోడకేసి చూశాడు. జరగబోయేది చెప్పకూడదని పంతొమ్మిదో నిబంధన.

శేషగిరి ఇద్దరినీ ఆటోలో ఎక్కించుకుని ముకుందం దగ్గరికి తీసుకెళ్ళాడు. ముకుందం తెర వాళ్ళవైపు తిప్పి చూపించాడు. పెద్దాయన ఒక్కడే అయితే సొమ్ము తొంభై ఏళ్ళ వయసు దాకా వస్తుంది. ఇద్దరైతే డెబ్భై రెండుకే అయిపోతుంది.

"పరీక్షలు చేయిస్తే మేడం గారి రూపం వచ్చే అవకాశం ఉందండి. కానీ అప్పుడు ప్లాను మళ్ళీ మొదట్నించి వెయ్యాలి. ఫీజు వేరే."

"బాగుందండి మీ సంబడం! నేను బతికితే ఫీజు కట్టాలా?"

"జీఎస్టీ కూడానండి," అన్నాడు ముకుందం.

పెద్దాయన కాదన్నా శేషగిరి తన సంతకంతో ఖర్చు పెట్టుకోవచ్చు. కాకపోతే ప్రణాళిక రద్దవుతుంది, హిమజ ఇంజనీరింగు కోసం కట్టినదాంట్లో మూడో వంతు కోత పడుతుంది. శేషగిరి తన ముసలి ముఖంకేసి కోపంగా చూశాడు.

"నీకు ఆవిడ అక్కర్లేదా?"

"ఎందుకక్కర్లేదురా. మొదట్లో చాలా కష్టమైంది. తరవాత అలవాటైపోయింది."

ఆ ఒక్క మాటతో పంతొమ్మిదో నిబంధన గంగలో కలిసింది. ముకుందం విననట్టు స్టాప్లర్ సర్దుకున్నాడు. శేషగిరి పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. అతను చెడ్డవాడేం కాదు. భార్యంటే ప్రేమ ఉంది, తెర మీది అంకెలంటే నమ్మకమూ ఉంది. ఆఖరికి పెన్ను కింద పెట్టి, "మార్చి అయ్యాక చూద్దాం," అన్నాడు. ఆ మాటతో గదిలో ముగ్గురు మగవాళ్ళ ప్రాణమూ కుదుటపడింది.

ఆదివారం సుభాషిణి కంద బచ్చలి కూర వండింది. పెద్దాయన రెండు ముద్దలు తిని కళ్ళు తుడుచుకున్నాడు. "ఇరవై రెండేళ్ళయింది ఇది తిని," అన్నాడు. అరవై ఆరులోంచి ఇరవై రెండు తీసేయడానికి లెక్కల లెక్చరరు అక్కర్లేదు. సుభాషిణి చేతిలో గరిటె ఆగింది. శేషగిరి కంచంలోంచి తల ఎత్తలేదు. కాసేపయ్యాక ఆమె పెద్దాయనకి మారు వడ్డించింది.

మర్నాడు పొద్దున్నే సుభాషిణి భర్తను వంటింట్లోకి పిలిచింది. అతను నోటు పుస్తకం తెచ్చుకున్నాడు.

"ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు. కుక్కరు మూడు కూతలు రాగానే స్టవ్ కట్టెయ్యండి."

"పాత బియ్యమైతే ఇంకో పావు గ్లాసు పొయ్యాలి," అన్నాడు పెద్దాయన హాల్లోంచి.

"ఆఁ, అదీ రాసుకోండి. మీ ఇద్దరికీ, పిల్లకీ గ్లాసు సరిపోద్ది. అది కాలేజీకెళ్ళాక అరగ్లాసు చాలు."

అరగ్లాసు, అని శేషగిరి రాసుకున్నాడు.