ఏటికి క్షమాపణ చెప్పిన పది రోజులు

పాఠకులారా, స్నేహ శిబిరాలను ఎవరైనా తప్పుపడితే నేను ఊరుకోను. మూడేళ్ళుగా తన్నుకుంటున్న రెండు పేటలను ఒక శిబిరం పది రోజుల్లో కలిపేసింది. పాపం, వాళ్ళు అంతగా కలిసిపోతారని శిబిరం పెట్టిన పెద్దమనిషి కూడా అనుకోలేదు.

సంగతి మా చెరకు తోటల దీవిలో రోజ్ బెల్ ఊరి దగ్గరిది. ఏటికి ఇవతలి గట్టున మా తెలుగు పేట, అవతలి గట్టున ఫ్రెంచి యాస మాట్లాడే క్రియోల్ వాళ్ళ పేట. చెరకు నరికే కాలం వచ్చిందంటే నీళ్ళు నల్లబడి కంపు కొట్టేవి, చేపలు వెల్లకిలా తేలేవి. మా ఆవుల వల్లేనని వాళ్ళు, వాళ్ళ పందుల వల్లేనని మేము. ఆ ఏడు సీతారాం చెల్లెలు ఆ నీళ్ళు తాగి నెల రోజులు మంచాన పడింది. చెరకు నరికే సీతారాం కోపం పట్టలేక, అవతలి మార్సెల్ చేపల వలను రెండు ముక్కలు చేశాడు. మార్సెల్ అతని ముందు పన్ను ఒకటి ఊడగొట్టాడు. ఇద్దరికీ ఇరవయ్యేళ్ళే.

ఇది చూసి ఎగువనున్న చక్కెర మిల్లు దొర గుండె కరిగింది. మహాయుద్ధం ముగిసి ఏడేళ్ళయింది, జెనీవాలో దేశాలన్నీ కూర్చుని శాంతి నేర్చుకుంటున్నాయని ఆయన పేపర్లో చదివాడు. దేశాలకు వచ్చే చదువు పేటలకు రాదా? గట్టుకు ఆరుగురు చొప్పున పన్నెండు మంది యువకులను ఎంచి శిబిరం పెట్టించాడు. పొద్దున ఏరు శుభ్రం చేయాలి, మధ్యాహ్నం గట్టున మొక్కలు నాటాలి, సాయంత్రానికి ఒకరి ఇంటికొకరు వెళ్ళి అక్కడే ఉండాలి. నాకు సరుకుల కొట్టుంది, నాలుగు ఫ్రెంచి ముక్కలు వచ్చు. అంచేత సెక్రటరీని నేనే.

మొదటి రోజు కార్యక్రమం ఏటికి క్షమాపణ. సీతారాం మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఆవుల తరఫున చెప్పుకున్నాడు. మార్సెల్ పందుల తరఫున చెప్పుకున్నాడు. దొరసాని కళ్ళొత్తుకుంది. ఏరు మాత్రం క్షమించినట్టు కనిపించలేదు, కంపు అలాగే ఉంది. రెండో రోజు మరింత గట్టిగా చెప్పించాం.

మార్సెల్‌ను సీతారాం తల్లి ముత్యాలమ్మ ఇంట్లో దింపాం. ఆమె అతన్ని నేలమీద కూర్చోబెట్టి మిరియాల చారు పోసింది. అతను గటగటా తాగి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, "బోన్, అమ్మా, బాగుంది" అన్నాడు. అంతే, ఆమెకు ఇంకో కొడుకైపోయాడు. శనివారం భజనకు వాళ్ళ రవాన్ డప్పు పట్టుకొచ్చి వాయించాడు. ఆ వేగానికి మా పూజారి రంగయ్యగారు గోవిందనామాలన్నీ ఊపిరి తీసుకోకుండా ముగించి, గోడకు ఆనుకుని, "స్వామి ఇంత త్వరగా ఎన్నడూ విని ఉండడు" అన్నారు.

అవతల మార్సెల్ పిన్ని జోసెలిన్‌కు సీతారాం మాంసం తినడని తెలిసింది. ఇంకేం పెట్టాలో తోచక పూటపూటా కర్రపెండలం ఉడకబెట్టి పెట్టింది. ఇప్పటికీ అతను కర్రపెండలం పేరెత్తితే లేచి వెళ్ళిపోతాడు. జోసెలిన్ పేరెత్తితే మాత్రం ఆగి, కులాసా అడుగుతాడు.

ఎనిమిదో రోజు ఫోటో. ఆ పొద్దున ఏటి అడుగున గులకరాళ్ళు కూడా కనిపించాయి! "చూశారా, స్నేహం నీళ్ళను కడిగింది" అన్నాడు దొర. నేను మినిట్స్‌లో రాసుకున్నాను.

మర్నాడు మళ్ళీ నలుపు. ముత్యాలమ్మ ఖాళీ బిందె గట్టున పెట్టి నిలబడింది.

"ఒరే సీతారాం, నిన్న మన ఆవులు ఏట్లో దిగాయి కదా?"

"దిగాయమ్మా."

"మార్సెల్ బాబూ, మీ కొషోన్లు?" పందులకు ఆమె దగ్గర ఆ క్రియోల్ మాటే ఉంది.

"దిగాయమ్మా."

"మరి నిన్న సెలవు తీసుకున్నదెవరురా?"

సీతారాం పన్ను ఊడిన సందును నాలుకతో తడుముకున్నాడు. మార్సెల్ తల దించుకున్నాడు.

"అప్పయ్య మామా, నిన్న మిల్లు ఆడిందా?" అని సీతారాం నన్నడిగాడు.

ఫోటో కోసం ఒక్కరోజు మిల్లు ఆపమన్న చీటీ రాసింది నేనే. దొర చెప్పాడు, నేను రాశాను. ఏరు ఎందుకు నల్లబడుతుందో ఆ చీటీ రాస్తున్నప్పుడే నాకు అర్థమైంది. సెక్రటరీలకు అర్థమైనవన్నీ పైకి చెప్పే అలవాటుండదు. అందుకని దగ్గాను.

వాళ్ళకు ఆ దగ్గు చాలింది. పన్నెండు మందీ ఏటి వెంట ఎగువకు నడిచారు. మిల్లు వెనక వెదురు పొదల చాటున బండి పట్టేంత కాలువలోంచి చెరకు మడ్డి ఏట్లోకి దూకుతోంది. అప్పుడు చూడాలి సహకారం! నాటగా మిగిలిన మొక్కలు, శిబిరం గుడారం, 'పొరుగువారితో శాంతి' అని రాసిన గుడ్డ, అన్నీ కుక్కి కాలువ మూసేశారు. మధ్యాహ్నానికి మడ్డి మిల్లు వాకిలి నింపి దొర వరండా ఎక్కింది.

దొర కుర్చీ మీద నిలబడి, "సెక్రటరీ, వీళ్ళకేమైంది?" అన్నాడు.

"స్నేహం కుదిరింది దొరా" అన్నాను.

పోలీసులు వచ్చి ఎవరు చేశారని అడిగితే పన్నెండు మందీ ఎవరికి వారే "నేనే" అన్నారు. పన్నెండు మందినీ పట్టుకుపోయారు. మర్నాడు మా పేటలో చెరకు నరకడానికి ఎవరూ లేవలేదు. మిల్లులో యంత్రాలు నడిపే క్రియోల్ పనివాళ్ళూ లేవలేదు. జోసెలిన్, ముత్యాలమ్మ ఠాణా ముందు ఒకే చాప మీద కూర్చున్నారు. నరికిన చెరకు ఎండడం మొదలుపెట్టిన నాలుగో రోజున దొర కుర్రాళ్ళను విడిపించి, మడ్డికి వేరే గొయ్యి తవ్వించాడు. ఇప్పుడు ముత్యాలమ్మ ఆ ఏటి నీళ్ళే కాచి కూతురికి ఇస్తోంది.

ఇంత మేలు చేసిన శిబిరాన్ని మరుసటి ఏడు దొర రద్దు చేశాడు. ఎందుకో మీరే చెప్పండి.

ఈమధ్య కొంచెం మనసు మార్చుకుని, శిబిరం మెరుగుపడాలంటే ఏం చేయాలో రాసిమ్మన్నాడు. ఈసారి దగ్గకుండా రాశాను: 'రెండు గట్ల వాళ్ళను పిలిచాం, బాగుంది. ఎగువనున్న మూడో పొరుగువారిని కూడా పిలవాలి.'

దొర అది రెండుసార్లు చదివి, నిజంగానే అయోమయపడి, "ఎగువన పొరుగువారెవరున్నారు సెక్రటరీ?" అన్నాడు. "అక్కడుండేది మేమే కదా?"