వీధి తలుపు వ్యాయామం

ఆ ఉదయం పళ్ల డాక్టరు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిదింటికి భార్యకు ఇంటర్వ్యూ. ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని మాట్లాడాలి. నెగ్గితే పెద్ద స్కూలుకు ప్రధానోపాధ్యాయురాలవుతుంది. కిందటిసారి ఇలాంటి ఇంటర్వ్యూ మధ్యలోనే ఈయనగారు మిక్సీ వేశాడు. ఆ ఉద్యోగం మిక్సీలోనే పడి పచ్చడైపోయిందని ఆవిడ నమ్మకం. అందుకే ఈసారి చీమ కూడా చిటుక్కుమనకుండా చూసే పూచీ తనదని మాటిచ్చాడు.

తన వ్యాయామం వేళ కూడా అదే. ఊళ్లోవాళ్ల నోళ్లలోకి వంగి వంగి నడుం పట్టేస్తుంటే, పొట్టా నడుమూ గట్టిపడితే తప్ప లాభం లేదని ఫిజియోథెరపిస్టు తేల్చేసి, రెండు నల్ల పట్టీలు కొనిపించింది. వాటి పైకొసనున్న మెత్తటి గుండును తలుపు మీదుగా లోపలికి వేసి తలుపు మూస్తే, ఇవతల పట్టీలు వేలాడతాయి. వాటిలో పాదాలు దూర్చి, చేతులు నేలకానించి, ఒంటిని కర్రలా నిలబెట్టాలి. ఆ ఇంట్లో గదుల తలుపులు తుమ్మితే ఊడేవి. గట్టిది వీధి తలుపొక్కటే. అది లోపలికి తెరుచుకుంటుంది కనుక, లాగేదేదో బయటినుంచే లాగాలి. ఎవరూ పొరపాటున తీయకుండా లోపల గడియ పెట్టుకోమని చెప్పి, నిక్కరుతో, ఎదురింటికీ తమకూ ఉమ్మడిగా ఉన్న ఇరుకు వరండాలోకి వచ్చాడు. ఇంట్లో నిశ్శబ్దం, తనకు ఆరోగ్యం, ఒకే దెబ్బకు రెండు పిట్టలని మురిసిపోయాడు కూడా.

ఎదురింటాయనను అందరూ జడ్జిగారంటారు. నిజానికి ఆయన కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. తీర్పులివ్వడం మాత్రం ఆ తర్వాతే మొదలుపెట్టాడు. పాల ప్యాకెట్ కోసం తలుపు తీసిన ఆయనకు, తన గడప ముందు బోర్లా పడి, వణుకుతూ, చెమటలు కక్కుతున్న డాక్టరు కనిపించాడు. వెనక చూస్తే మూసిన తలుపు. జడ్జిగారికి కేసు మొత్తం అర్థమైపోయింది.

"లే నాయనా. నా కాళ్ల మీద పడేంత కష్టమేమొచ్చింది? ఎప్పుడు గెంటేసింది?"

గట్టిగా మాట్లాడితే లోపలికి వినిపిస్తుంది. "వ్యాయామమండీ. గడియ నేనే పెట్టుకోమన్నాను" అని డాక్టరు గుసగుసలాడాడు.

ఇంటి గుట్టు బయటపెట్టనందుకు జడ్జిగారు మెచ్చుకుని, తన ఇంట్లోంచి దుప్పటి తెచ్చి కప్పాడు, కాఫీ తెచ్చి ముందు పెట్టాడు. లోపల ఇంటర్వ్యూ జరుగుతోందని డాక్టరు బతిమాలితే ఆయన ముఖం మరీ పాలిపోయింది.

"అప్పుడే వేరే ఉద్యోగం చూసుకుంటోందా? అయితే విడిపోవడానికే సిద్ధపడిందన్నమాట."

డాక్టరు పట్టీల్లోంచి పాదాలు ఊడదీసుకునేలోపే జడ్జిగారు పక్క వీధిలో ఉన్న డాక్టరుగారి అత్తగారికి ఫోన్ చేసేశాడు. ఆవిడ ఆఘమేఘాల మీద వచ్చింది. దుప్పటి కప్పుకున్న అల్లుణ్ణి చూసి ఆవిడ కడుపు తరుక్కుపోయింది. అల్లుడు ఏదో గుసగుసగా చెప్పబోతే, ఏడ్చి ఏడ్చి గొంతు కూడా పోయిందనుకుంది.

"నోరులేని మనిషి దొరికాడని ఇంత పనా? కన్నకూతురైనా సరే, ఇవాళ తాడో పేడో తేలాల్సిందే" అంటూ కాలింగ్ బెల్ వైపు నడిచింది.

డాక్టరుకు మిక్సీ కళ్ల ముందు గిర్రున తిరిగింది. అత్తగారి చెయ్యి పట్టుకోలేడు. దుప్పటి విసిరేసి, బెల్లుకు అడ్డంగా నిలబడి, పట్టీలు రెండు చేతులా పట్టుకుని బరువంతా వేసి వెనక్కి వాలాడు. అత్తగారు పక్కకు నెట్టింది. జడ్జిగారు నడుం పట్టుకుని లాగాడు. ఇన్నాళ్లూ క్షణం నిలవని నడుం ఆ పూట బండలా నిలిచింది.

"ఊరందరి నోళ్లూ తెరిపిస్తావు, సొంత తలుపు తెరిపించుకోలేవటయ్యా?" అని జడ్జిగారు వరండా అదిరేలా నిలదీశాడు.

అంతలో లోపల గడియ తీశారు. తలుపు తెరుచుకోగానే గుండు జారింది. డాక్టరు వెళ్లి జడ్జిగారి మీద పడ్డాడు, జడ్జిగారు కాఫీ మీద పడ్డాడు. గుమ్మంలో భార్య నిలబడి ఉంది. డాక్టరు పడ్డచోటి నుంచే అడిగాడు.

"ఇదీ పోయిందా?"

"వచ్చిందండీ. అంతా వాళ్లకీ వినపడింది. ఏమిటా గొడవ అన్నారు. మా ఇంట్లో రోజూ ఉండేదేనని చెప్పి నా జవాబు నేను పూర్తిచేశాను. ఇంత గోలలో తొణకని మనిషే స్కూలుకు కావాలన్నారు."

డాక్టరుకు కళ్లు చెమర్చాయి. అత్తగారు కూతుర్ని తిట్టాలని తెచ్చుకున్న కోపాన్ని ఏంచేయాలో తెలియక జడ్జిగారి మీద చూపించింది. ఆయన మాత్రం కాఫీ తుడుచుకుంటూ, తాను కలగజేసుకోకపోతే ఈ తలుపు తెరుచుకునేదే కాదన్నాడు. తర్వాత పట్టేసిన తన నడుమును సర్దుకుంటూ, ఆ పట్టీలు ఒక్కరోజు ఇస్తావా అని అడిగాడు.

మర్నాడు ఎదురింటి తలుపుకు నల్ల పట్టీలు వేలాడాయి. లోపల గడియ పెట్టుకోమని జడ్జిగారు వాళ్లావిడకు చెప్పాల్సిన అవసరం రాలేదు.