బొటనవేలికి కట్టిన గోడ

ఆ ఉదయం గోదాము కాపలాదారు వేసుకున్న పథకం చాలా చిన్నది. వదిన నిద్ర లేవకముందే పెరట్లో కుడికాలు కడుక్కోవాలి, తడి లేకుండా తుడుచుకోవాలి, మందు రాసుకుని, ఏమీ ఎరగనట్టు మేజోడు తొడుక్కోవాలి. రోజుకు పన్నెండు గంటలు బూట్లలో మగ్గి అతని బొటనవేలి గోరు పసుపుపచ్చగా మందమెక్కింది. ఫంగస్ అన్నాడు మందుల షాపాయన. "వేళ్ల సందుల్లో తడి ఉండనివ్వకండి. తువ్వాలు, చెప్పులు, నెయిల్ కట్టరు ఎవరితోనూ పంచుకోకండి. ఇంట్లో షుగరున్నవాళ్లుంటే మరీ జాగ్రత్త," అని హెచ్చరించాడు.

వదినకు షుగరుంది. భార్య పోయాక ఎనిమిదేళ్లుగా అతనికి వేళకింత అన్నం పెట్టి మనిషిగా నిలబెట్టింది ఆవిడే. ఆవిడ కాలికి ఇది అంటుకుంటే ఇక తన బతుకెందుకు? చెబుదామంటే అసహ్యించుకుంటారేమోనని భయం. అందుకని నోరు మెదపకుండా సోమవారం తువ్వాలు వేరు చేశాడు. మంగళవారం బకెట్టు, సబ్బు. బుధవారం స్నానాలగది ముందు వేసే పట్టా కూడా వేరే తెచ్చుకున్నాడు.

గురువారం వదిన భర్త దగ్గర కళ్లొత్తుకుంది. "మీ తమ్ముడు వేరు పడుతున్నాడండీ. బకెట్టు దాకా వచ్చింది, పొయ్యి దాకా రావడానికి ఎంతసేపు?"

అన్నకు కోపం ముక్కుమీదే ఉంటుంది. తమ్ముడి కంచం, గ్లాసు తీసుకెళ్లి అతని గదిలో పెట్టేశాడు. తమ్ముడు వాటిని చూశాడు. గోరు సంగతి తెలిసిపోయిందన్నమాట! ఆ మాత్రం జాగ్రత్త పడరూ పాపం అని సరిపెట్టుకుని, మర్నాటి నుంచి అన్నం తనే గదిలోకి తెచ్చుకుని తిన్నాడు. దాంతో అన్న అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ఇన్నాళ్లూ ముఖాన చెప్పలేకపోయావురా?"

"ఎలా చెప్పను అన్నయ్యా, సిగ్గేసింది."

"వెయ్యాల్సిందే! నీ భార్య పోయిన్నాటి నుంచీ మోస్తున్నాం నిన్ను. ఇంక మోయలేం."

తమ్ముడు తలవంచుకున్నాడు. ఒక్క వేలికి ఇంత మాటా అని ఏడుపొచ్చింది అతనికి.

ఆదివారం అన్న పిలిపించిన వడ్రంగి వచ్చి హాలుకు అడ్డంగా చెక్క గోడ బిగించసాగాడు. చివరి పలక ఎత్తుతుంటే తమ్ముడికి ఉండబట్టలేదు.

"అన్నయ్యా, ఇంత గోరుకి ఇంత గోడ కావాలా?"

"ఏం గోరురా?"

మేజోడు విప్పి చూపించి, షుగరున్నవాళ్లతో జాగ్రత్త అన్న షాపాయన మాట చెప్పాడు. అన్న, వదిన, వడ్రంగి ముగ్గురూ వంగి చూశారు.

"నాకూ ఉందండీ ఇది," అన్నాడు వడ్రంగి, ఎవరూ అడక్కపోయినా.

వదిన నెత్తి కొట్టుకుంది. "నీ తెలివి తెల్లారినట్టే ఉందయ్యా! నాకు అంటకూడదనా ఈ వేషాలన్నీ?" అంటూ నవ్వబోయి ఏడ్చేసింది. అన్న కూడా నవ్వాడు, అవసరమైనదానికంటే కాస్త గట్టిగానే. "పీకెయ్యవయ్యా ఆ పలకలు!" అని వడ్రంగిని కసిరాడు.

"ఉండనీ అన్నయ్యా," అన్నాడు తమ్ముడు మెల్లగా. "గోరు నయమయ్యేదాకా ఉండనీ."

ఎవరూ కాదనలేదు. మోస్తున్నామన్న మాట అన్నకూ వదినకూ తమ్ముడికీ ఇంకా వినబడుతూనే ఉంది. వదిన భర్త ముఖంలోకి చూసింది. ఆయన పలకల్లో వంకరేమైనా ఉందేమోనని పరీక్షగా చూడసాగాడు.

నయమవడానికి ఏడాదిన్నర పడుతుందన్నాడు డాక్టరు. ఏడాదికే గోరు శుభ్రంగా వచ్చేసింది. ఆ సంగతి తమ్ముడింకా ఇంట్లో చెప్పలేదు.