విడిగా ఉంచవలసిన గుమాస్తా

పింగాణీ కార్ఖానాలో సరుకు పంపే గుమాస్తాకి ఆ రోజు రెండే పనులు: రెండు వందల టీ కప్పులు పక్క వీధి హోటలుకు పంపడం, సగం పూట సెలవు పెట్టి పన్ను పీకించుకోవడం. తీరా వచ్చేసరికి బల్ల మీద ఒక కప్పు, దాని కింద చీటీ. కప్పు పక్కకు జరిపి చదివాడు. వారం కిందట చేరిన తనిఖీ అమ్మాయి రాత: "క్రేజ్‌డ్. బయటికి పంపొద్దు. విడిగా ఉంచండి."

మొదటి మాట కొరుకుడు పడక, ఇంగ్లీషు పాఠాలు చెప్పే బావమరిదికి ఫోన్ చేశాడు.

"పిచ్చెక్కిన అని అర్థం బావా. ఎవరికి?"

గుమాస్తా ఫోన్ పెట్టేశాడు. నిన్న తను పెట్టెలు లెక్కపెడుతూ గొణుక్కోవడం ఆ అమ్మాయి చూసింది. అదీ సంగతి. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క పెట్టె దారి తప్పలేదే, అలాంటివాణ్ణి పిచ్చివాడనడమే కాక విడిగా ఉంచమని కూడానా? పంటి సలుపు నెత్తికెక్కింది.

"కప్పులు ఆపమన్నారటగా?" అంది ప్యాకింగ్ పెద్దమ్మ.

"నాకు మతి ఉన్నంతకాలం ఆగవు," అని వ్యాను పంపించేశాడు. ఆపైన తన బుద్ధి స్థిరంగానే ఉన్నదని అర్జీ రాసి మేనేజరు దగ్గరికి పట్టుకెళ్ళాడు. ఈలోగా ఆయనకి మతి చలించిందన్న కబురు పెద్దమ్మ అక్కడికి చేరవేసేసింది. మేనేజరు బల్ల మీది కత్తెర మెల్లగా సొరుగులోకి తోసి, "కూర్చోండి, మంచినీళ్ళు తాగండి. ఇంట్లోవాళ్ళకి కబురు పెట్టాం," అన్నాడు.

"నాకేం పిచ్చి లేదండీ."

"లేదు లేదు. ఎవరన్నారు?"

అంతలో తనిఖీ అమ్మాయి పరుగున వచ్చింది. "కప్పులేవండీ?"

"ముందు నాకు పిచ్చని ఎందుకు రాశావో చెప్పమ్మా."

"మీకా? రాసింది కప్పు గురించండీ. పైపూతలో వెంట్రుకంత పగుళ్లుంటే క్రేజ్‌డ్ అంటాం. ఆ మాటకి మొదట్లో పగలడమనే అర్థం. మనుషుల బుర్రలకి తర్వాత అంటగట్టారు."

గుమాస్తా తన బల్ల మీది కప్పు తెచ్చి కిటికీ వెలుగులో పట్టి చూశాడు. ఒళ్ళంతా సన్నటి గీతలే.

ఫోన్ మోగింది. హోటలువాళ్ళు. "మీరే చెప్పుకోండి," అని మేనేజరు ఆయన చేతికిచ్చాడు.

"అయ్యా, తప్పంతా నాదే..."

"తప్పేంటండీ? ఆ గీతలు భలే ఉన్నాయి. మా మేడంకి ఒకటే క్రేజు. ఇంకో ఐదు వందలు పంపండి."

మర్నాటి నుంచి ఆ కార్ఖానాలో పగుళ్లు లేని కప్పులు తనిఖీలో తప్పుతున్నాయి.