పళ్ళెం నిండా అర్థాలు

శుక్రవారం పది గంటలకు మేడ్చల్‌లో డెమో క్లాసు. 'మ్యాచ్' అనే ఒక్క ఇంగ్లీషు మాటకున్న అర్థాలన్నీ ఎనిమిదో తరగతికి చెప్పి మెప్పిస్తే శ్రీదివ్యకు టీచరు ఉద్యోగం. ఇప్పటికే రెండు స్కూళ్ళు "కబురు చేస్తాం" అని ఊరుకున్నాయి. ఈ మూడోదీ పోతే ఆమె ముఖం చూడలేనని మూడు నెలల మొగుడు సుజిత్ బెంగ.

"వస్తువులు చూపిస్తేనే పిల్లలు వింటారు," అంది శ్రీదివ్య.

సుజిత్ ఇల్లంతా గాలించాడు. క్రికెట్‌కు టెన్నిస్ బంతి, చీర రంగుకు కుదిరేదానికి ఆకుపచ్చ జాకెట్టు ముక్క, జోడీకి తమ పెళ్ళి ఫొటో, ఒక దీపపు వత్తి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క అగ్గిపెట్టె. సంచీలో అయితే జాకెట్టు ముక్క నలుగుతుందని, అన్నిటినీ పెళ్ళిలో వచ్చిన ఇత్తడి పళ్ళెంలో సర్దాడు. ఆ ముచ్చటైన సర్దుడుకు శ్రీదివ్య మురిసిపోయింది.

మెట్ల దగ్గర పక్కింటి దుర్గాబాయి ఎదురైంది.

"ఏందమ్మా, పొద్దుగాల్నే పళ్ళెం వట్టుకొని యాడికి?"

పని అయ్యేదాకా పైకి చెప్పకూడదని కాకినాడలో ఉన్న అమ్మ నియమం. "ఇప్పుడే చెప్పనాంటీ. ఖాయమయ్యాక మీకే ముందు చెప్తా," అంది శ్రీదివ్య సిగ్గుపడుతూ.

దుర్గాబాయి జాకెట్టు ముక్కను చూసింది, ఆ సిగ్గును చూసింది. "సమజైందిలే. ముగ్గుర్ని కన్న." లోపలికి వెళ్ళి కొబ్బరికాయ, అరటిపళ్ళు, పసుపు కుంకుమ తెచ్చి పళ్ళెంలో పెట్టింది. "జాకెట్ ముక్క ఉత్తగ వట్టుకపోతరా ఎవలన్న? బరువు నువ్వు మొయ్యకు బిడ్డా, ఆయనకియ్యి."

ఆటో హారన్ కొడుతోంది. వాదించే వ్యవధి లేదు.

స్కూలు గేటు దగ్గర అటెండరు కుర్మయ్య పళ్ళెం చూసి ఊపిరి పీల్చుకున్నాడు. శుక్రవారం సరస్వతి పూజకు దుకాణం నుంచి రావలసిన సామాను ఇంకా రాలేదు.

"గింత లేటా? మేడం అర్ధగంట సంది కూసున్నది," అంటూ సుజిత్ చేతుల్లోంచి పళ్ళెం లాక్కున్నాడు.

"అన్నా, అది క్లాసుకి..."

"ముందుగాల దేవుడు. తర్వాత క్లాసు."

వాళ్ళు పరుగున వెళ్ళేసరికి కొబ్బరికాయ పగిలింది, వత్తి వెలిగింది, బంతి మైదానంలోకి దొర్లింది. జాకెట్టు ముక్కను కరస్పాండెంట్ జానకీదేవి కళ్ళకద్దుకుంది. సరస్వతికి వేయగా మిగిలిన చామంతి దండను కుర్మయ్య పెళ్ళి ఫొటోకు వేయబోతుంటే సుజిత్ అడ్డం పడ్డాడు.

"అన్నా, మేమింకా ఉన్నాం."

కళ్ళకద్దుకున్న జాకెట్టు ముక్కను తిరిగి ఇమ్మనడం ఏ తెలుగింటి పిల్లకూ చేతకాదు. గంట మోగింది. శ్రీదివ్య రెండు అరటిపళ్ళు మిగిలిన పళ్ళెంతో పిల్లల ముందు నిలబడింది. చివరి బెంచీలో జానకీదేవి. కిటికీ అవతల ముఖం పాలిపోయిన సుజిత్.

ఆమెకు ఏడుపు రావలసింది. నవ్వొచ్చింది.

"ఈ పళ్ళెంలో నా పాఠమంతా ఉండేది. దారిలో పోయింది. వెతికిపెడతారా?"

పిల్లలు లేచి నిలబడ్డారు. బయట ఆ బంతితోనే ఆడుతున్న మ్యాచ్‌ను ఒకడు చూపించాడు. "టీచర్ చీరకు మేడం చేతిలోని ఆ గుడ్డ మ్యాచింగ్," అంది భవిత అనే పిల్ల. గుమ్మంలో నిలబడ్డ కుర్మయ్య జేబులోంచి అగ్గిపెట్టె తొంగి చూస్తోందని ఇంకొకడు పట్టుకున్నాడు.

"మ్యాచ్ అంటే ఒకటి కాదు, రెండు వేర్వేరు ఇళ్ళ మాటలు," అంది శ్రీదివ్య. "అగ్గిపుల్ల మాట పాత ఫ్రెంచిది. అప్పట్లో దానర్థం దీపపు వత్తి. అదిగో, సరస్వతి ముందు వెలుగుతోంది. రెండోది పాత ఇంగ్లీషుది. దానర్థం తోడు. సరిజోడు దొరికితేనే ఆట, రంగు, పెళ్ళి."

"తోడు ఏడుంది టీచర్?"

ఆమె కిటికీ వైపు చూసింది. క్లాసంతా అటు తిరిగింది. సుజిత్ దాక్కోవడానికి స్తంభం దొరకలేదు.

జానకీదేవి అప్పటికప్పుడే ఉద్యోగం ఇచ్చేసింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు కాలనీ ఆడవాళ్ళు పద్నాలుగు మంది ఉన్నారు. చేతుల్లో గాజులు, జాకెట్టు ముక్కలు, పుల్ల మామిడికాయలు.

"ఖాయమైందా బిడ్డా?" అంది దుర్గాబాయి.

"అయిందాంటీ. సోమవారం నుంచే."

"సోమారమా? గంత జల్దీనా?"

ఖాయమైంది ఉద్యోగమని తెలిశాక దుర్గాబాయి చేతిలోని గాజులను ఆ పళ్ళెంలోనే పెట్టింది. "తెచ్చినయి వాపస్ వట్టుకపోం. దాసిపెట్టుకో, ఎప్పటికన్న పనికొస్తయి. ఇగ చాయ్ వొయ్యి."

ఆనందం పట్టలేని సుజిత్ పదహారు గ్లాసులు కడిగి, పాలు గిన్నెలో పోసి, పొయ్యి ముందు నిలబడ్డాడు. అగ్గిపెట్టె ఇంకా కుర్మయ్య జేబులోనే ఉంది.